ఐదో అంతస్తు కుళాయి

"నవ్వడం ప్రాక్టీసు చేశావా, లేదా?"

భర్త ఐదో అంతస్తు మెట్ల దగ్గర నిలబడి కిందికి వంగి అరిచాడు. ఆమె అప్పుడు రెండు చేతుల్లో రెండు బకెట్లతో మూడో అంతస్తు మలుపులో ఉంది. మరుగుదొడ్డి గొట్టం పగిలింది అక్కడే. గోడ వెంట నల్లగా కారుతున్నదేమిటో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆమె ముక్కు మూసుకోలేదు. మూసుకోవడానికి చెయ్యేదీ?

"నీళ్ళు ఒలకబోయకు! మెట్లు తడిస్తే ఆఫీసరుగారు జారిపడతారు."

చొక్కా నలుగుతుందని ఆయన ఒక్క బకెట్టూ ముట్టలేదు. ఆ చొక్కా పొద్దున్నే ఇస్త్రీ చేసిచ్చింది ఆమే.

ఆ రోజు గృహనిర్మాణ సంస్థ వార్షిక సభ. ఈ ఏడు ఏం సాధించారో, వచ్చే ఏడు ఏం చెయ్యబోతున్నారో చైర్మన్ పెద్ద హాల్లో నిలబడి చెబుతాడు. మధ్యలో ఒక మామూలు ఇల్లాలు తన ఫ్లాటులోంచి తెర మీద నేరుగా కనిపించి, కుళాయి తిప్పి, నీళ్ళు వస్తున్నాయని చెప్పాలి. ఆ ఇల్లాలిగా ఆమె పేరు ఇచ్చింది భర్తే. ఆయన ఆ సంస్థలోనే కాంట్రాక్టు సూపర్‌వైజరు. కార్యక్రమం సాఫీగా జరిగితే పర్మనెంటు చేస్తామన్నారు. చిక్కల్లా ఒక్కటే. ఆ బిల్డింగులో ఏ కుళాయిలోనూ నీళ్ళు రావు. మోటారు కోసం కింద సిమెంటు దిమ్మ కట్టారు, మోటారు మాత్రం రాలేదు. దిమ్మ మీద మగాళ్ళు పేకాడుకుంటారు. కింది తొట్టిలోంచి నీళ్ళు ఆడవాళ్ళు మోస్తారు. ఇవాళ డాబా మీదున్న తమ ట్యాంకులోకి బకెట్లతో మోసి పోస్తే, కుళాయి నిజంగానే పారుతుంది. ఆ తెలివి కూడా భర్తదే.

రెండో విడత ఎక్కుతుంటే నాలుగో అంతస్తు టైలరు తలుపు తీసింది.

"వదినా, ఒక్క మాట. వస్తున్నాయని నువ్వు అన్నావంటే మన బిల్డింగు పని అయిపోయినట్టే. వచ్చే ఏడు పనుల్లో మనం ఉండం. ఇక మోటారు మన మొహం చూడదు."

"రావట్లేదంటే?"

"మీ ఆయన నీ మొహం చూడడు. ఏది లాభమో నువ్వే ఆలోచించుకో." ఆమె చేతిలోంచి ఒక బకెట్టు లాక్కుని టైలరే ముందు నడిచింది.

ఆలోచించుకోవడానికి ఏముంది? ఆసుపత్రి లాండ్రీలో పొద్దస్తమానం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఎవరెవరివో దుప్పట్లు ఉతుకుతుంది. అక్కడ వద్దన్నా నీళ్ళే. ఇంటికొస్తే కాలి పగుళ్ళు కడుక్కోవడానికి చెంబెడు ఉండవు. మళ్ళీ కిందికి దిగాలి. పెళ్ళయిన కొత్తలో నడుం పట్టేసిందంటే, "నీళ్ళు మొయ్యడం కూడా ఒక పనేనా?" అన్నాడు భర్త. "మేం బావిలో తోడుకున్నాం. మీకు సుఖంగా మెట్లున్నాయి" అంది అత్త. స్నేహితులొస్తే ఆయన వేసే జోకు ఇంకొకటి ఉంది: "మా ఆవిడ ఉండగా ఈ బిల్డింగుకి లిఫ్టెందుకురా!" అందరూ నవ్వుతారు. ఆ నవ్వులకి కాఫీ పెట్టేదీ ఆమే. ఒకప్పుడు కోపమొచ్చేది, ఏడుపొచ్చేది. ఇప్పుడవి రావడంలేదు. ఇస్త్రీ చొక్కా కాలరు చూసినా, అద్దం ముందు ఆయన దువ్వెన చూసినా, అన్నంలో వెంట్రుక తగిలినట్టుంటోంది.

సంస్థ ప్రచార అధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. వస్తూనే గదంతా సెంటు కొట్టించాడు. మురుగు కంపూ మల్లెపూల సెంటూ కలిసి ఇంకా ఘోరంగా తయారైంది.

"కంగారు పడకండి, వాసన తెర మీదికి రాదు" అన్నాడు భర్తతో. ఆమెకి పౌడరు రాసుకోమన్నాడు. ఫోను స్టాండుకి బిగించి, "బాత్రూం ఎటు?" అని అడిగి లోపలికెళ్ళాడు.

ఫ్లష్ లాగిన చప్పుడు. ఆగి, మళ్ళీ లాగిన చప్పుడు. తర్వాత కుళాయి బార్లా తిప్పి, తీరిగ్గా చేతులు కడుక్కుంటున్న చప్పుడు. తానెక్కిన మెట్లన్నీ గొట్టంలో గుడగుడమంటూ కిందికి దిగిపోవడం ఆమె నిలబడి విన్నది. మూడో అంతస్తు మలుపు దగ్గర అవి ఎక్కడ తేలతాయో కూడా తెలుసు.

భర్త వంటింటి కుళాయి తిప్పి చూశాడు. బుస్సుమంది.

"ఇంకో నాలుగు బకెట్లే. పరుగెత్తు!"

"మీరొక రెండు పట్టుకోండి."

"ఆఫీసరుగారి ముందా?"

అధికారి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "పౌడరు చెరగనివ్వకమ్మా."

ఆమె దిగింది, ఎక్కింది. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. ట్యాంకులో పోసి వచ్చేసరికి ఫోను తెర మీద హాలు కనిపిస్తోంది. వరసల నిండా జనం, వేదిక మీద చైర్మన్, ఆయన వెనక రంగురంగుల మేడల బొమ్మలు. భర్త ఫోను వెనక నిలబడి రెండు వేళ్ళతో తన పెదాలు సాగదీసి చూపించాడు. నవ్వమని.

ఆమె కుళాయి తిప్పింది. ధారగా నీళ్ళు పడ్డాయి. హాలంతా చప్పట్లు.

"చూశారా! ఐదో అంతస్తు!" అన్నాడు చైర్మన్ జనంతో. "అమ్మా, నీళ్ళకి ఇబ్బందేమీ లేదుగా? రోజూ వస్తున్నాయా?"

"వస్తాయి సార్. నేను మోస్తే వస్తాయి."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి. చైర్మన్ నవ్వు అలాగే ఉండిపోయింది.

"మోటారు లేదు సార్. ఈ నీళ్ళు నేను ఇప్పుడే మోసి ట్యాంకులో పోశాను. ఇదిగో, అరచేతిలో బకెట్టు పిడి అచ్చు. అసలు పొద్దున్నే పోశాను, కానీ మీ ఆఫీసరుగారు బాత్రూంకి వెళ్ళారు. అందుకని రెండోసారి."

హాల్లో ఎవరో ఆడమనిషి పకాలున నవ్వింది. అధికారి ఒక్క ఉరుకున వచ్చి ఫోను ఆపేశాడు.

"ఏమయ్యా, ఇంట్లో మనిషికి నాలుగు మాటలు నేర్పలేకపోయావా?" అని భర్తను కసిరి, ముక్కుకి రుమాలు పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

భర్త గోడకి చేరబడ్డాడు. "నా నోట్లో మట్టికొట్టావు కదే! పర్మనెంటయ్యాక మోటారు నేనే వేయించనా?"

"పర్మనెంటయ్యాక నాకే ఇంకో రెండు బకెట్లు కొనేవారు."

లోపలి గదిలోంచి అత్త కేకేసింది. "ఏమే, ఆ మిగిలిన నీళ్ళు నా స్నానానికి ఉంచు! వాడు కూడా చెమటలు పట్టి ఉన్నాడు!"

ఆమె తుండుగుడ్డ భుజాన వేసుకుంది. బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టింది. బయట తలుపు దబదబా మోగుతుంటే తాపీగా జుట్టు విప్పుకుని, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ళు ఆఖరి చుక్కదాకా తన ఒంటిమీదే పోసుకుంది.