వదిన ముందు లెక్క

ఆ పరిశోధనశాలలో మైక్రోస్కోపు ముందు కూర్చునేది వదిన. పొదల్లో బోనులు పెట్టి అడవి ఎలుకలను పట్టుకొచ్చేది మరిది. అతనికి ఆ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే కాబట్టి, అతను తప్పు చేస్తే ముందు పోయేది తన పరువేనని ఆవిడ భయం.

పని చెప్పుకోవడానికి తేలికే. ఎలుక చెవులు వెతికి, నెత్తురు పీల్చి జబ్బు అంటించే పిడుదులు ఎన్ని పట్టుకుని ఉన్నాయో మరిది రాయాలి. దాని నెత్తురు చుక్కలో పరాన్నజీవి ఉందో లేదో వదిన చూడాలి. పిడుదులు ఎక్కువున్న చోట జబ్బు ఎలుకలూ ఎక్కువుంటాయా అన్నది పెద్దసారు ప్రశ్న. మొదటి నెల లెక్కలు అవుననే అన్నాయి, అదీ మరీ ముచ్చటగా. ఎలుకకు పన్నెండు, పదిహేను! అన్నీ నిజంగా లెక్కపెట్టాడా, చెట్టు కింద కునుకు తీసి చేతికొచ్చింది రాశాడా? అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

"ఇకనుంచి అక్కడ లెక్కపెట్టకు. గుడ్డసంచుల్లో తీసుకురా. నేను పదకొండింటికి వచ్చాక నా కళ్ళముందే లెక్కపెట్టు," అంది.

"పొద్దున పట్టినవి అప్పటిదాకా సంచిలో ఉంచితే వదినా..."

"సాకులు చెప్పకు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే కనిపించాడు ఆవిడకి.

ఆ రోజునుంచి ఎలుకకు ఒకటో రెండో. జబ్బు మాత్రం రవ్వంత తగ్గలేదు. పిడుదులు లేకుండా జబ్బెలా వచ్చిందని ఆవిడ తనను తాను అడగాల్సింది. అనుమానం పట్టినవాళ్ళు ఎదుటివాళ్ళనే అడుగుతారు. మొదటి నెల లెక్కలు దొంగవని పెద్దసారుకి రాసిచ్చింది. సోమవారం మరిదిని పనిలోంచి తీసేశారు.

దాంతో సంచులు ఉతికే పని ఆవిడ మీద పడింది. ఒకదాన్ని తిరగేసేసరికి కుట్టు వెంబడి నెత్తురు తాగి ఉబ్బిన పిడుదులు, కందిగింజల్లా. కడుపు నిండినవి నిండినట్టే ఎలుకను వదిలి రాలిపోయాయి. లెక్కపెట్టింది. పద్నాలుగు.

ఆ సాయంత్రమే మరిది ఇంటికి పరుగెత్తింది.

"సంచుల్లో రాలిపోతున్నాయని చెప్పొచ్చుగా!"

"మూడుసార్లు మొదలుపెట్టాను. చెప్పనివ్వలేదు."

"తప్పు నాదేనని పెద్దసారుకి రాస్తాను. రేపే పనిలోకి రా."

"వేరేచోట కుదిరాను." కుర్చీ ముందుకు జరిపాడు. "కూర్చోండి, మేడమ్."

పదకొండేళ్ళుగా వదినా అని తప్ప పిలవని నోరది. ఆవిడ నిలబడే ఉండిపోయింది.