చెవి మేస్త్రీ చూసిన బండి

చెవి మేస్త్రీ పేరు వింటే చుట్టుపక్కల ఇంజన్లన్నీ బుద్ధిగా ఉండేవి. పక్క ఊరి లారీ మలుపు తిరుగుతుంటే చాలు, ఇంట్లో భోంచేస్తూనే మూడో గేరులో ఏ పన్ను విరిగిందో చెప్పేవాడు. డ్రైవరు నోట్లో ఏ పన్ను పుచ్చిందో కూడా చెప్పేవాడంటారు. అందులో సగం కొట్టిపారేసినా, మిగతా సగం నిజమే.

అలాంటి మనిషికి ఏడాదిగా చెవులు మొరాయిస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ల పెదవులు చూస్తూ నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు పాత ఏటీవీ ఒకటి చూసిపెట్టమని కోడలు వెంటబెట్టుకొచ్చింది. ఏటీవీ అంటే మోటారుసైకిలుకీ ట్రాక్టరుకీ పుట్టిన బిడ్డ. హ్యాండిలు తల్లి పోలిక, లావుపాటి నాలుగు చక్రాలూ తండ్రి పోలిక. కోడలు పశువుల డాక్టరు. కొండమీది దొడ్లకు కారు ఎక్కదు. కాలినడకన చేరేసరికి ఈనలేని ఆవు కడుపులో దూడ ప్రాణం పోతోంది. అందుకని బండి కావాలి. ఆ దారుల్లో ఒంటరిగా తిరిగే మనిషికి నమ్మకమైన బండే కావాలి.

అమ్మేది కలప కాంట్రాక్టరు. షెడ్డు ముందు బండిని కడిగి, తుడిచి, ఫొటోకి నిలబెట్టినట్టు నిలబెట్టాడు. మేస్త్రీ ముందుగా ఇంజను మీద అరచెయ్యి వేశాడు. వెచ్చగా తగిలింది.

"మేం రాకముందే వేడి చేశారేం బాబూ?"

"పొద్దున్నే మొండికేస్తే మీకు చిరాకని, పెద్దాయనా."

"మొండికేస్తుందో లేదో చూద్దామనే కదయ్యా పొద్దున్నే వచ్చింది!"

కాంట్రాక్టరు మాట దాటేసి మీటరు చూపించాడు. "పంతొమ్మిది వందల కిలోమీటర్లే. పసిబిడ్డ!"

మేస్త్రీ పక్కనున్న బొత్తాం నొక్కాడు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే అంకె వచ్చింది. ఆరువందల ఇరవై.

"అంటే గంటకి మూడు కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులతో నేనే అంతకంటే జోరుగా నడుస్తాను. మీటరన్నా మార్చి ఉండాలి, బతుకంతా దుంగలన్నా లాగి ఉండాలి. పాదం జారకుండా ఉండే పళ్లన్నీ అరిగిపోయాయి చూడు."

"లాగింది, అబద్ధమెందుకు?"

"లాగితే లాగిందిలే మామయ్యా," అంది కోడలు. "ఇంజను బాగుంటే చాలు. అది మీ చెవి చెబుతుందిగా."

ఇంజను స్టార్టయింది. మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ఒకప్పుడు ఆ పిడిలోంచి ఇంజను తన కష్టసుఖాలన్నీ చెప్పుకునేది. ఇప్పుడు ఖాళీ కుండలో గాలి తిరిగినట్టుంది, అంతే.

వెనకనుంచి కాంట్రాక్టరు అన్నాడు: "ఆ టకటకకేం లేదండీ, ఇంజను లోపలి చైను వదులు."

ఎవరో ఏదో అన్నారనిపించి మేస్త్రీ వెనక్కి తిరిగాడు. "చాయ్ వద్దులే బాబూ, ఇప్పుడే తాగొచ్చాం."

మామయ్య వేళాకోళమాడాడనుకుని కోడలు పకపకా నవ్వింది. కాంట్రాక్టరు నవ్వలేదు. మేస్త్రీ చెవుల వంక ఒకసారి చూశాడు. విషయం బోధపడింది. ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కొక్క మాటా పెదవుల మీద పేర్చి అన్నాడు: "బాగుంది. కదా, మేస్త్రీగారూ?"

తల ఊపితే చాలు. గుట్టు గుట్టుగానే ఉంటుంది. మేస్త్రీ మెడ సగం వంగింది కూడా. అంతలో, కొండదారిలో ఇంజను బిగుసుకుపోయి చక్రాలు పట్టేస్తే బండి ఎటు దొర్లుతుందో, కింద ఎవరుంటారో కళ్లకు కట్టింది. చెయ్యి చాపి తాళం తిప్పేశాడు.

"నాకు వినబడట్లేదమ్మా."

"ఆపేశారుగా మామయ్యా, ఇంకేం వినబడుతుంది?"

"ఆపకముందూ వినబడలేదు. ఏడాదైంది."

కోడలి ముఖంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"నీ సంచిలో ఆవుల పొట్టకి పెట్టి వినే గొట్టం ఉందిగా, తియ్యి. నువ్వు విను. విన్న దరువు నా మణికట్టు మీద వెయ్యి."

మళ్లీ స్టార్ట్ చేశారు. చైను ఉండే పక్కభాగంలో గొట్టం పెట్టినప్పుడు ఆమె వేళ్లు చినుకుల్లా పడ్డాయి. అడుగున పెట్టగానే బరువెక్కాయి. మేస్త్రీ యాక్సిలేటరు పెంచాడు. మణికట్టు చురుక్కుమంది.

"ఎవరో లోపల సుత్తి పట్టుకుని కూర్చున్నట్టుంది మామయ్యా!"

"చైను కాదు బాబూ. అడుగున ఇరుసు తిరిగే బేరింగు పోయింది. ఈ బండి మాకొద్దు."

"చెవిటివాణ్ని తెచ్చి నా బండికి వంకలు పెడతారా?" కాంట్రాక్టరు అరిచాడు. అరుపు వినబడలేదు గానీ, మొదటి మాట మాత్రం మేస్త్రీకి స్పష్టంగా కనబడింది.

కారు దగ్గర కోడలు ఆయన భుజాలు పట్టి తనవైపు తిప్పుకుంది.

"ఈ ఏడాదిలో ఎన్ని బళ్లు బాగున్నాయని చెప్పారు?"

మేస్త్రీ వేళ్లు మడిచాడు. రెండు చేతులూ అయిపోయాయి. "పదకొండు."

"అన్నీ వినకుండానే?"

"అలవాటుకొద్దీ తల ఊపానమ్మా. అందులో ఒకటి బడిపిల్లల్ని దింపే వ్యాను. బ్రేకులు అరుస్తున్నాయేమో వినమన్నాడు డ్రైవరు. లేదన్నాను."

కోడలు టైము చూసింది. ఎనిమిదిన్నర. పిల్లల్ని ఎక్కించుకునే వేళ. మేస్త్రీ ఫోను తీసి, డ్రైవరు నంబరు నొక్కి ఆమెకిచ్చాడు.

"నువ్వే మాట్లాడు. మేస్త్రీకి చెవుడని చెప్పు. వ్యాను ఎక్కడుంటే అక్కడే ఆపమను."

మోగుతోందని ఆమె చేత్తో సైగ చేసింది.

"ఎత్తాడా?" అన్నాడు మేస్త్రీ. కదలని ఆమె పెదవుల వంకే చూస్తూ మళ్లీ అడిగాడు.