సొన లేని గుడ్డు

దిండు సర్దబోయిన నాగేందర్ వేళ్లకు గుండ్రంగా ఏదో తగిలింది. తీసి చూస్తే కోడిగుడ్డు. ఎర్రరంగు పూసి, పైన తెల్లగా ముగ్గులాంటి గీతలు గీసి, నిలువునా ఎర్రదారం గుచ్చారు. అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు. రెండు కొసలకూ సన్నటి బెజ్జాలు. లోపల సొన లేదు!

అతనికి చెమటలు పట్టాయి. జగిత్యాల వైపు పుట్టినవాడికి దారం గుచ్చిన ఎర్రగుడ్డు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. బాణామతి. సొన లాగినట్టే మనిషి లోపలి బలమంతా లాగేస్తారని నాయనమ్మ చెప్పగా విన్నాడు. ఎడమకాలి చెప్పు తీసి ఒక్కటి వేశాడు. పటుక్కున చితికింది. మంచం కిందికి వంగితే ఇంకొకటి కనబడింది. పచ్చి బరిగెలను జడలా అల్లిన కొరడా, కొసకు ఎర్ర పీలిక. దయ్యాలు వదిలించేవాళ్ల చేతుల్లో తప్ప అలాంటిది అతనెక్కడా చూడలేదు.

భోజన్న పని కాక ఇంకెవరిది? ఖోబర్‌లో, అజీజియాలో, తమను పనికి తెచ్చుకున్న యజమాని కఫీల్ ఇంటి వెనక గదిలో ఉండే పనివాళ్లు వాళ్లిద్దరే. భోజన్న ఆ పొద్దునే ప్రాగ్ నుంచి దిగాడు. నాగేందర్ ఆస్పత్రి నుంచి వచ్చేసరికే సంచి గదిలో పడేసి బంగళాలోకి వెళ్లిపోయాడు. మొహం చూపించే ధైర్యం లేకనే కాబోలు!

అసలు ఆ ప్రయాణం నాగేందర్‌ది. కఫీల్ తండ్రికి మోకాళ్లు పడిపోతే, ప్రాగ్ దగ్గరి వేడినీళ్ల బుగ్గల వైద్యానికి తీసుకుపోతూ, ఎత్తి కూచోబెట్టడానికి నాగేందర్‌నే అనుకున్నారు. వీసా పనులు మొదలయ్యాయో లేదో, అతనికి జ్వరం పట్టుకుంది. భోజన్న విమానం ఎక్కాడు. జ్వరం మాత్రం ఇంకా దిగలేదు. ఇన్నాళ్లూ తన ఖర్మ అనుకున్నాడు గానీ, ఇప్పుడు ఒక్కొక్కటీ అతుక్కుంటోంది.

మూడేళ్ల కిందట యుద్ధంలో క్షిపణుల సైరన్ మోగినప్పుడల్లా, విషవాయువు భయంతో ఒకే తడి తువ్వాలు చెరో కొస ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్ల కింద నక్కినవాళ్లు ఆ ఇద్దరూ. ఆ భోజన్నేనా?

ఈ అరబ్బు దేశంలో ఫలానావాడు మంత్రగాడన్న మాట కఫీల్ చెవిన పడితే పోలీసులు వస్తారు. ఆ తర్వాత ఆ మనిషి తల దక్కదు. ఆ సంగతి నాగేందర్‌కు తెలుసు. తెలిసే, గుడ్డుపెంకులు చేత్తో తాకకుండా పేపర్లోకి ఊడ్చి, డ్రైవర్ గౌస్ మొహిద్దీన్ దగ్గరికి నడిచాడు. అరబ్బీ, ఇంగ్లీషు వచ్చినవాడని పెద్దాయన గౌస్‌ను కూడా ప్రాగ్ తీసుకుపోయాడు.

"గౌస్ భాయ్, భోజన్న నాకు బాణామతి చేసిండు. సాబుకు నువ్వే అరబ్బీల చెప్పాలె" అని పేపరు విప్పాడు.

కారు తుడుస్తున్న గౌస్ చెయ్యి ఆగిపోయింది. అటూ ఇటూ చూశాడు.

"నోర్ముయ్ మియా! తల తీపిస్తవా మనిషిది? దీన్ని పగలగొట్టినవా? అరె, ఇది ఈస్టర్ పండుగ గుడ్డు. ఆడ చౌక్ నిండ కట్టెతోని చేసిన దుకాణాలు పెట్టి ఇవే అమ్ముతరు. చెట్లకు గూడ వేలాడగడ్తరు. పాడుగాకుంట సొన ఊది తీసేస్తరు."

"మరి ఆ కొరడా?"

"పండుగ తెల్లారి మొగపోరలు ఆ బరిగెలతోని ఆడపిల్లలను మెల్లగ కొడ్తరు. కొత్త చిగురు బలం ఒంట్లకొస్తదట, ఏడాదంత రోగం రాదట. దుకాణంల ముసలమ్మ చెప్పింది. ఇగ భోజన్న నన్ను ఇడ్సిపెట్టలే. ఆడోళ్లకు పనిజేస్తే జరమొచ్చిన మా తమ్మునికి పనిజెయ్యదా, అడుగు భాయ్ అడుగు అని నా పానం తీసిండు. ఈడ కస్టమ్స్‌ల దొర్కితె ఏమైతదోనని బరిగెను లుంగీల చుట్టిండు, గుడ్డును సాక్సుల దాచిండు. విమానంల కన్ను మూస్తె ఒట్టు."

నాగేందర్ పెంకులను చేత్తోనే సర్ది పేపరు మడిచాడు.

"నువ్వేం చెప్పలే, నేనేం ఇన్లే. పో" అని గౌస్ మళ్లీ కారు వైపు తిరిగాడు.

సాయంత్రం భోజన్న గదిలోకి వస్తూనే నాగేందర్ నుదుటి మీద చెయ్యి వేశాడు. "ఇంక కాలుతనే ఉన్నది గదరా. గుడ్డు సూసినవా?"

"పగిలిందే అన్నా." చెప్పుతో కొట్టిన సంగతి నాగేందర్ దాచేశాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"పోనీ తియ్. బరిగెకేం గాలేదు గద. అటు తిరుగు."

నాగేందర్ బనీను విప్పి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భోజన్న ముందు తలుపు గొళ్లెం పెట్టి, కిటికీకి తువ్వాలు కట్టాడు. అప్పుడు వచ్చి, పసిపిల్లాడిని తట్టినట్టు వీపు మీద బరిగె ఆనించాడు. రెండో దెబ్బకే నాగేందర్ గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

"తాకిందారా?" భోజన్న కంగారుపడి చెయ్యి ఆపాడు. ఆ పైన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "మెల్లగ ఏడ్వురా తమ్మీ. బయట ఎవడన్న ఇని బాణామతి అనుకుంటే, నా తల పోతది."