నడవని దారికి వచ్చిన పతకం

గడియారం ఎందుకు దింపావన్నది గొడవ.

ఆ బొగ్గుగని కంపెనీ క్వార్టరు గోడలో గట్టిగా నిలిచిన మేకు ఒక్కటే. ఇంకెక్కడ కొట్టినా సున్నం రాలేది. శౌరి ఆ మేకుకున్న గడియారాన్ని తీసి బియ్యం డబ్బా మీద పెట్టి, దాని చోట మాత బొమ్మ ఉన్న నీలం రిబ్బను పతకం వేలాడదీశాడు.

“టైము కనవడకపోతే నీ డ్యూటీకి టిఫిన్ గట్టుడెట్ల?” అంది అతని భార్య ఆరోగ్యమ్మ.

“సైరన్ మోగుతది గద! ఖనిల గడియారం జూసి లేచెటోడు ఎవడున్నడు?”

“బియ్యం దీసినప్పుడల్ల దాన్ని ఏడ పెట్టాలె?”

“నెత్తిన పెట్టుకో.”

చిక్కుడుకాయలు తుంచుతున్న అత్త కనకవ్వ ఫక్కున నవ్వింది. ఆరోగ్యమ్మకు నవ్వు రాలేదు. గడియారం మీద ఆమెకంత ప్రేమేమీ లేదు. ఆ పతకం ఎవరి కంటా పడకుండా ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఉంటే చాలునని ఆమె కోరిక.

కిందటేడు గనిలో పైకప్పు జారి శౌరి కాలు విరిగింది. కాలు అతికితే గుణదల మాత పండుగకు తమ ఊరు ఖని నుంచి మొత్తం దారి నడిచి వస్తానని ఆరోగ్యమ్మ మొక్కుకుంది. కాలు అతికింది. దడ మాత్రం పోలేదు. గని దిగేముందు అతనికి చెమటలు పట్టేవి. నడిచొచ్చినందుకు గుడిలో ఇచ్చిన పతకాన్ని భార్య తెచ్చిన నాటి నుంచి దాన్ని ముట్టుకుని, నుదుట సిలువ గుర్తు వేసుకుని, ధీమాగా వెళ్తున్నాడు.

ఆ శనివారం కూడా అలాగే ముట్టుకున్నాడు. “రేపు ప్రదక్షిణంల పతకమున్నోళ్లే మాత స్వరూపాన్ని మోస్తరట. మా షిఫ్టోళ్లందరికి జెప్పిన, నా పెండ్లాం ముంగటుంటదని,” అంటూ వెళ్ళిపోయాడు.

ఆరోగ్యమ్మ అత్త పక్కన చతికిలబడింది.

మొక్కు తీర్చడానికి జట్టుతో నడిచిన ఆ ప్రయాణంలో, మానుకోట దాటాక, వెంట వచ్చిన కనకవ్వ పాదాలు పగిలి నెత్తురొచ్చింది. జట్టు ముందు వెళ్ళిపోయింది. వెనకబడ్డ వీళ్ళిద్దరినీ చూసి, ఖనిలో వీళ్ళ లైనులోనే ఉండే లారీ డ్రైవరు జలాలుద్దీన్ బండి ఆపాడు. “ఎక్కు అవ్వా, డోర్నకల్ కాడ దించుత,” అన్నాడు. ముసలామెకు తోడని ఆరోగ్యమ్మ కూడా ఎక్కింది. ఎక్కి కూర్చున్నాక తన కాళ్ళకు కలిగిన హాయి ఆమెకు ఇంకా గుర్తే. తోడన్నది వంక. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

తిరిగొచ్చాక గుడిలో సన్మానం. “మొత్తం నడిచినవా?” అని ఫాదర్‌కు సాయపడే ఉపదేశి ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. “లేదు బిడ్డా, నేను నడుమ లారీ ఎక్కిన,” అంది కనకవ్వ. కోడలి మాట ఎత్తలేదు. పతకం బదులు ముసలామె చేతిలో మాత బొమ్మ ఉన్న చిన్న కార్డు పెట్టారు. తర్వాత ఆరోగ్యమ్మ వంతు. “వయసుదానివి, నిన్ను అడిగేదేమున్నదమ్మా!” అని ఉపదేశి ముందుకు పంపాడు. ఫాదర్ మెడలో పతకం వేశారు. ఆమె నోరు తెరవలేదు. అందరితో పాటు కనకవ్వా చప్పట్లు కొట్టింది.

“అత్తా, ఆ దినం నా సంగతి ఎందుకు జెప్పలే?” అని ఇప్పుడడిగింది ఆరోగ్యమ్మ.

“నీకు నోరు లేదా బిడ్డా, నేను జెప్పనీకి?” చిక్కుడుకాయల మీంచి కనకవ్వ తలెత్తలేదు.

షిఫ్టు దిగి వచ్చిన శౌరి స్నానం చేసి పీట మీద కూర్చునేసరికి పొద్దు వాలుతోంది. ముగ్గురికీ అన్నం వడ్డించి ఆరోగ్యమ్మ కూడా కూర్చుంది. ముద్ద కలిపింది గాని నోట పెట్టలేదు.

“రేపు నేను స్వరూపం మొయ్య. పూజకు ముందే పతకం ఫాదర్‌కు ఇచ్చేస్త. మానుకోట నుంచి డోర్నకల్ దాక నేను లారీల పోయిన.”

శౌరి చెయ్యి కంచంలోనే ఆగింది. “అందరికి జెప్పుకున్న గదనే...”

“తెలుసు. పై ఆదివారం రైలెక్కి మానుకోటల దిగుత. ఎగ్గొట్టిన గా దారి నడుస్త. అప్పుడే మొక్కు తీరినట్టు.”

శౌరి గోడకేసి చూశాడు. “మరి సోమవారం నేను ఏది ముట్టుకొని దిగాలె?”

కనకవ్వ ఎడమచేత్తో కొంగుముడి విప్పి, మడతలు పడ్డ కార్డు తీసి అతని కంచం పక్కన పెట్టింది. “గీ తల్లిని ముట్టుకో. గామె గీమె ఒక్కతే గద.”

శౌరి లేచి, చెయ్యి కడుక్కుని, పతకం తీసి ఆరోగ్యమ్మ ఒళ్ళో పెట్టి, గడియారాన్ని మళ్ళీ మేకుకు తగిలించాడు.

“అతికింది నా కాలు, నడిచేది నువ్వొక్కదానివా? పై ఆదివారం నాకు డ్యూటీ లేదు. నేను సుత వస్త,” అన్నాడు పీట మీద కూర్చుంటూ.

“నడుమ జలాలుద్దీన్ లారీ ఆపితే?” అంది కనకవ్వ.

“సలాం గొట్టి నడుస్తనే ఉంటం. నువ్వు ఎక్కు అవ్వా, ముంగట పోయి మాకు చాయ్ జెప్పు.”