కుడి చక్రం పిన్ను

ఫొటోలో ఉన్నదంతా బండిలో ఉండాలి, లేనిది ఉండకూడదు. అదీ నార్బర్ట్ మొండిపట్టు. బే సిటీ బొమ్మకార్ల క్లబ్బులో ఆయన చేసిన కారు వచ్చిందంటే చాలు, కింద అద్దం పెట్టి మరీ వెతుకుతారు. ముసలాడి తప్పు ఒక్కటి దొరికితే పండగ చేసుకుందామని వాళ్ల ఆశ. ఇన్నేళ్లలో ఎవడికీ దొరకలేదు.

ఈసారి చేస్తున్నది కొడుకు క్రెయిగ్ కారు. 1970 నాటి షెవెల్ మోడల్, ఎరుపు మీద నల్ల చారలు. అసలు బండిని తండ్రీకొడుకులు మూడేళ్లు గ్యారేజీలో పెట్టుకుని బాగుచేశారు. రెండేళ్ల కిందట ఏటి మలుపులో అది చెట్టుకు గుద్దుకుని క్రెయిగ్ పోయాడు. పోలీసులు అతివేగమని రాసేసి ఆ ఇనుమంతా తుక్కుకి పంపించారు.

ఆ సాయంత్రం క్రెయిగ్ తన భార్య జెనెల్‌తో పోట్లాడి, తలుపు దభాలున వేసి బండెక్కి వెళ్లాడు. నార్బర్ట్‌కి అది చాలు. పూడ్చి వచ్చాక చర్చి హాల్లో అందరూ భోజనాలు చేస్తుంటే, "నా కొడుకుని పొట్టన పెట్టుకున్నావు కదే!" అని కేకలేశాడు. పాపం, ఆ పిల్ల కోటు తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ వీళ్ల గడప తొక్కలేదు.

ఇవాళ వస్తోంది. ఈ బొమ్మ తీసుకెళ్లమని ఆయన భార్య డొలోరెస్ పిలిచింది.

"బొమ్మ ఇచ్చేటప్పుడు ఒక్క మంచి మాట అనవయ్యా. నీ సొమ్మేం పోదు," అంది పొద్దున్నే, బేస్‌మెంటు మెట్ల మీద నిలబడి.

"బొమ్మ ఇస్తున్నాను కదా, మాటలు కూడానా?" అన్నాడు తలెత్తకుండా.

పని దాదాపు అయిపోయింది. ఇంజను ప్లగ్ వైర్లు సన్నదారంతో, కారు లోపల కింద పరిచే తివాచీ రంగుపొడితో చేశాడు. లోపలి అద్దానికి, హైస్కూలు పట్టా పుచ్చుకున్న రోజు క్రెయిగ్ పెట్టుకున్న టోపీ కుచ్చు. కుడి తలుపు మీద మంచు తోసే పార గీసిన గీత కూడా దిగింది. మిగిలినవి ముందు చక్రాలకి స్టీరింగ్ కడ్డీలు. ఒక్కో కడ్డీ చివర నట్టు, అది వదులై ఊడిపోకుండా అడ్డంగా ఒక పిన్ను. రాగితీగ పోగు తెంపి ఎడమవైపు గుచ్చాడు. కుడివైపు పిన్ను చివరలు ఎటు వంచారో చూద్దామని అసలు బండికి చక్రాలు బిగించిన రోజు తీసిన ఫొటోని భూతద్దం కిందికి లాగాడు.

కుడివైపు పిన్ను లేదు.

తర్వాత పెట్టే ఉంటానులే అనుకున్నాడు. కానీ ఆ రోజంతా కళ్ల ముందుకొచ్చింది. శుక్రవారం. చేపలు చల్లారిపోతున్నాయని డొలోరెస్ అరుస్తోంది. ఎడమ చక్రం క్రెయిగ్‌ది, కుడిది తనది. "నీ వైపు అయిపోయిందా నాన్నా?" "అయిందిరా, దించెయ్." జాకీలు దించేసి భోజనానికి పోయారు. ఆ తర్వాత బండి అయిదు వారాలే తిరిగింది.

గ్యారేజీకి వెళ్లి సొరుగు లాగాడు. అప్పుడు కొన్న రెండు పిన్నుల పొట్లం. ఒకటి అందులోనే ఉంది. అయ్యో దేవుడా, అన్నాడు పైకే. పొట్లం పట్టుకుని బేస్‌మెంటుకి వచ్చాడు.

పట్టకారుతో ఇంకో రాగిపోగు తీశాడు. ఇది గుచ్చేస్తే ఎవడికి తెలుస్తుంది? తప్పు ఆ పిల్ల మీదే ఉండిపోతుంది, తన ముసలితనం ఎలాగోలా గడిచిపోతుంది. పోగుని నట్టు దాకా తీసుకెళ్లాడు కూడా. అంతలో వీధి తలుపు గంట మోగింది.

జెనెల్ కోటు విప్పకుండానే కిందికి దిగింది.

"ఇచ్చేయండి, వెళ్లిపోతాను. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను." అంతలో బండిని చూసింది. "కుచ్చు కూడా పెట్టారా..." అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నార్బర్ట్ పట్టకారు కింద పెట్టాడు. బండిని తిరగేసి ఆమెకి భూతద్దం ఇచ్చాడు.

"ఎడమ నట్టు చూడమ్మా. ఇప్పుడు కుడిది."

"ఇక్కడ తీగముక్క తక్కువైంది. పోనీలెండి మామయ్యా, ఇంత చిన్నది ఎవరు చూస్తారు?"

రెండేళ్ల తర్వాత మామయ్యా అంది. ఆ పిలుపు ఆయన గుండెలో దిగింది. ఫొటో, పొట్లం ఆమె ముందుకి జరిపాడు.

"అసలు బండికీ లేదు. పెట్టాల్సింది నేను. పెట్టేశానని వాడికి చెప్పాను. నట్టు ఊడితే కడ్డీ జారిపోతుంది. ఇక స్టీరింగ్ ఎంత తిప్పినా చక్రం మాట వినదు."

ఆమె ఫొటో చూసింది, పొట్లం చూసింది.

"ఇన్నాళ్లూ నేనే చావుకి పంపించాననుకుంటున్నాను," అంది. "ఆ తలుపు చప్పుడు రోజూ వినిపిస్తోంది నాకు."

"నన్ను ఏమన్నా అను, పడతాను."

"నేనేమీ అనను. పైన అత్తయ్య ఉంది, ఆవిడకి చెప్పండి. తర్వాత ఆదివారం చర్చి హాల్లో చెప్పండి. అప్పుడు నన్నన్నారే, అంత గట్టిగా చెప్పండి."

పైనుంచి డొలోరెస్ కాఫీ చల్లారిపోతోందని అరిచింది. నార్బర్ట్ పొట్లం గుప్పిట్లో పెట్టుకుని మెట్లెక్కాడు.