చేప తల ఎటు

"చైను కడిగినవా?" అని మొగుడు బుచ్చిరాములు అరుగు మీంచి కేకేస్తే కమలవ్వకు నవ్వొచ్చేది. ఇల్లు ఊడ్చినవా అన్నట్టే అడుగుతాడు మనిషి. తునికాకు కాంట్రాక్టు కలిసొచ్చిన ఏడు సుల్తానాబాదులో మొదటి బుల్లెట్టు బండి ఆ ఇంటి ముందే ఆగింది. పడితే ఇంజనుకు దెబ్బ తగలకుండా ఇనుప గార్డు, లైటుకు జాలీ, టాంకుకు ఖాకీ తొడుగు, అన్నీ అమర్చాడు. ఆ తొడుగు కుట్టింది కమలవ్వ. జైనూరు అడవి దుమ్ము పట్టిన చైనును ప్రతి ఆదివారం ఊడదీసి, కిరసనాయిలులో నానబెట్టి, లింకు లింకునా రుద్ది, నూనె పట్టించి ఎక్కించేదీ కమలవ్వే. వేళ్ల మీద తోలు పొట్టు లేచేది. "రొట్టెలు గాసునూనె వాసనొస్తున్నయి" అని అత్త కొమురవ్వ మూతి తిప్పేది. చుట్టాలొస్తే మాత్రం బుచ్చిరాములు మీసం దువ్వి, "నా బండి మీద ఆడోళ్ల చెయ్యి పడనియ్య" అనేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే మరి. కమలవ్వ ఛాయ్ గ్లాసులు పెట్టి, నల్లబడ్డ గోళ్లు కొంగు కింద దాచుకుని లోపలికి పోయేది.

అయినా ఆదివారాలంటే ఆమెకు విసుగు పుట్టలేదంటే అది ఖుర్షీద్ బీ చలవ. ఆమె మెకానిక్కు ఫజలుద్దీన్ భార్య. పరదా చాటు నుంచి మొగుడి పని చూసి చూసి అంతా నేర్చుకున్న మనిషి. చైనుకు నూనె కోసం కమలవ్వ మొదటిసారి వాళ్లింటికి పోయినప్పుడు ఖుర్షీద్ బీ ముందు ఆమె చేతులు పట్టుకు చూసింది. పనికి ముందు మంచినూనె రాసుకొమ్మని చెప్పింది. తర్వాత చైను రెండు కొసలనూ పట్టి ఉంచే చిన్న లాకును అరచేతిలో పెట్టింది. అది అచ్చం చేప ఆకారంలో ఉంది.

"చైను పోయె దిక్కుకు దీని తల ఉండాలె, బేటీ. తోక ముందట వెట్టి ఈదె చాపను ఎన్నడన్న సూసినవా?"

కమలవ్వకు వంట నేర్పిన వాళ్లున్నారు, అణకువ నేర్పిన వాళ్లున్నారు. ఏదైనా ఎందుకో చెప్పి నేర్పింది మాత్రం ఖుర్షీద్ బీ ఒక్కతే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు కళ్లు చెమర్చేవి.

ఆ ఎండాకాలం ఒక పొద్దున ఫారెస్టు రేంజరును వెనక ఎక్కించుకుని బుచ్చిరాములు జైనూరు పోవాలి. దొర ముందు గొప్ప చూపించుకోవాలి కదా, ఆ రోజు చైను తనే ఎక్కించాడు. ఛాయ్ తెచ్చిన కమలవ్వ చూసేసరికి లాకు తిరగబడి ఉంది. అట్లుంటే దారిలో ఊడిపోతుంది, ఊడితే చైను వెనక చక్రానికి చుట్టుకుంటుంది. ఘాటు మీద ఊడితే ఇద్దరి ప్రాణాలూ లోయలోనే. చెబితే పరువు తీసినావని ఆయన నెల రోజులు మాట్లాడడు. కనుసైగ చేసింది. ఆయన ఆమె దిక్కు చూస్తేగా.

"లాకు ఉల్ట వడ్డది," అన్నది.

"నీకేమెరుక? లోపలికి పో."

ఆమె పోలేదు. గ్లాసులు కింద పెట్టి, కుచ్చిళ్లు దోపుకుని కూర్చుని, పటకారుతో లాకు తీసి సరిగ్గా తిప్పి పెట్టింది. చక్రం చేత్తో తిప్పి చూసుకుంది. రేంజరు వంగి చూసి, ఈ పని ఎవరు నేర్పారమ్మా అని అడిగాడు.

బుచ్చిరాములు ఆమె ముఖంలోకి చూశాడు. మొగుడి పేరు నోటితో అనకూడదు కాబట్టి 'మా ఇంటాయనే' అనాలి. పెళ్లయిన పదేళ్లుగా ఎవరేం అడిగినా ఆమె అన్నది ఆ మాటే.

"ఖుర్షీద్ బీ నేర్పింది, సారూ. బండి వచ్చినకాడికెల్లి చైను నేనే సూస్తున్న."

ఆ పేరు నలుగురిలో పలికితే ఎంత హాయిగా ఉందో! బుచ్చిరాములు వంగి, సరిచేసిన లాకును తనూ ఒకసారి చూసుకున్నాడు. గడపలో నిలబడి అంతా విన్న కొమురవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి కోడలి చేతుల మీద పోసింది. అత్త చేతి నీళ్లు అంత చల్లగా ఉంటాయని కమలవ్వకు అప్పటిదాకా తెలియదు.

బండెక్కబోతూ బుచ్చిరాములు గొంతు తగ్గించి, ఇంకేమన్నా చూసేదుందా అని అడిగాడు. ఆయన అట్లా అడగడం అదే మొదలు. కమలవ్వ పటకారు తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

"పయిలంగ పోయిరా. ఈ ఐతారం చైను నువ్వే కడుగు. పక్కన కూసోని నేను నేర్పుత."