చీపురు ముట్టని గంటా పది నిమిషాలు

మా ఇంట్లో ఎవరైనా ప్రయాణంలో ఉంటే, క్షేమంగా చేరామని వాళ్ల ఫోను వచ్చేదాకా చీపురు ముట్టకూడదు. ఇది మా అత్తగారు విమలాదేవి చట్టం. చట్టంతో నాకు పేచీ లేదు గానీ, మా ఇంటి కింద పరుపులు కుట్టే దుకాణం ఉంది. ఒక్క పూట ఊడవకపోతే ముందుగదిలో చేరిన దూదితో దిండు కుట్టుకోవచ్చు.

మొన్న ఆవిడ రైల్లో తిరుపతి వెళ్లారు. రాత్రంతా, మర్నాడు సగం పగలు ఇల్లు అలాగే ఉంది. అక్కడినుంచి రాజమండ్రి వెళ్లాలి, కంటి ఆపరేషన్ అయిన చెల్లెలు రుక్మిణమ్మను చూడటానికి. నేను ఫోనులో వెతికాను. రెండు విమానాశ్రయాల మధ్య సుమారు నాలుగు వందల అరవై కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు.

“మళ్ల రైలంటే మీ నడుము పోతది అత్తయ్యా,” అని విమానం టికెట్టు కొన్నాను. ఆవిడ నడుము మీద నాకు ప్రేమ లేదని కాదు. చీపురు మీద కూడా ఉంది.

ఎక్కే ముందు ఆవిడ ఫోను చేశారు.

“రచనా, భయం గియం ఏం లేదు. కాళ్లే జర వణుకుతున్నయ్. నువ్వు చీపురు ముట్టకు.”

“గంటా పది నిమిషాలే కద అత్తయ్యా.”

విమానం పదీ ఇరవైకి లేచింది. పదకొండున్నర కాగానే, లెక్క ప్రకారం దిగిపోయారని ఇల్లంతా ఊడ్చేశాను. దూది చేటలోకి ఎత్తాను. ఫోను రాలేదు. నేనే చేస్తే స్విచాఫ్.

విమానాల జాడ చూపించే యాప్ తెరిచాను. చిన్న పసుపుపచ్చ విమానం రాజమండ్రి దగ్గర చుట్లు తిరుగుతోంది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. గాజుల దుకాణంలో ఉన్న మా ఆయన మనీష్‌కు చేశాను.

“అత్తయ్య ఇంకా దిగలే.”

“దిగుతది తియ్, ఫికర్ చెయ్యకు. బస్సు లేటయితే గిట్లనే లొల్లి చేస్తవా?”

“బస్సు ఆగితే నేల మీదనే ఆగుతది.”

మనీష్ గొంతు తగ్గించి, “ఊడ్చినవా ఏంది?” అన్నాడు.

ఫోను పెట్టేశాను.

నేను ఫిజిక్సులో డిగ్రీ చదివాను. చీపురుకూ విమానం రెక్కకూ ఏ సంబంధమూ లేదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోగలను. చేట తీసుకుని దూదంతా మళ్లీ నేల మీద పరిచాను. గడప దగ్గర కొంచెం, సోఫా కింద కొంచెం, ఎక్కడిది అక్కడే. పల్లీపొట్టు ఒక్కటి మాత్రం ఎక్కడినుంచి ఎత్తానో గుర్తు రాలేదు. దానికే నాకు ఏడుపొచ్చింది.

పన్నెండుంబావుకు ఫోను మోగింది.

“దిగిన బిడ్డా. కింద మస్తు వానంట. జాగ దొరకని ఆటో లెక్క తిప్పిండు, తిప్పిండు… నువ్వు ఊడ్చినవా?”

“లేదత్తయ్యా. ఇల్లు పొద్దుగాల ఎట్లుండెనో అట్లనే ఉంది. కావాల్నంటే ఫొటో పెడ్త.”

“నాకెందుకే ఫొటో! ఇగ ఊడ్చుకో పో.”

చీపురు చేతిలోకి తీసుకున్నాక ఒక మాట తోచింది.

“అత్తయ్యా, ఆడినుంచి పిన్నిగారి ఇల్లు ఎంత దూరం?”

“కార్ల ముప్పావు గంటంట.”

“చేరినంక మళ్ల ఫోన్ చెయ్యుండ్రి,” అని చీపురు తలుపు వెనక నిలబెట్టి, దూదిలోనే కూర్చున్నాను.